చీనీ కా రౌజా గోడ దగ్గర

పొద్దునే తాజ్‌మహల్ చూసేశాం. రైలు రాత్రి ఏడింటికి. మోకాలు నొప్పిగా ఉంది, రూమ్‌లో పడుకుంటానన్నాడు నాన్న. నేనే బతిమాలి ఆటో ఎక్కించాను. యమున దాటి, ఇతిమాదుద్దౌలా సమాధి కూడా దాటి ఇంకో కిలోమీటరు వెళ్తే, ఏటి ఒడ్డునే చీనీ కా రౌజా. మేం వెళ్లేసరికి కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు.

షాజహాన్ దగ్గర వజీరుగా చేసిన అఫ్జల్ ఖాన్ సమాధి ఇది. ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చిన పండితుడు, కవి. 1639లో లాహోర్‌లో చనిపోతే ఇక్కడ సమాధి చేశారు. పొద్దున తాజ్ ద్వారాల చుట్టూ నల్లటి అక్షరాలు చూశాం కదా, అవి రాసిన అమానత్ ఖాన్ ఈయన సోదరుడే.

నాన్న నలభై ఏళ్లు తాపీ పని చేశాడు. తాజ్ దగ్గర పెద్దగా మాట్లాడలేదు. ఇక్కడ మాత్రం రంగు బిళ్లలు పొదిగిన గోడకి జానెడు దూరంలో నిలబడిపోయాడు. "చూడమ్మా, ఇది బొమ్మ వేసిన బిళ్ల కాదు. అన్నీ ముక్కలే" అన్నాడు. నిజమే. ఆకుకి ఒక ముక్క, పూరేకుకి ఒకటి, సన్నటి తీగకి ఇంకొకటి. ఒక్కో రంగుకి ఒక్కో వేడి కావాలి. అందుకే ఏ రంగు బిళ్లని ఆ రంగుకి విడిగా కాల్చి, కావలసిన ఆకారానికి కోసి, పక్కపక్కన పేర్చేవాళ్లు. నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ. గోడ మొత్తం ఇలా నిండి ఉన్న రోజున, ఏటి మీద పడవలో వచ్చేవాళ్లకి ఎలా కనిపించేదో!

ఇప్పుడు చాలావరకు రాలిపోయాయి. రాలినచోట ఇటుక, దాని మీద మందపాటి గచ్చు బయటపడ్డాయి. నాన్న అక్కడే ఎక్కువసేపు చూశాడు.

లోపల ఎనిమిది పలకల గది. గుమ్మటం కింద సున్నం మీద వేసిన రంగుల పూలు వెలిసిపోయినా ఇంకా తెలుస్తున్నాయి.

నాకు మన హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం పీర్లని నిలిపే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గుర్తొచ్చింది. అక్కడా ఇదే ముక్కల పని. 1908 మూసీ వరదకి కింది భాగం దెబ్బతింటే, ఆ చోట రంగులతో అదే నమూనా వేశారు. ఆ మాట చెబితే నాన్న తల అడ్డంగా ఊపాడు. "పోయినచోటు పోయినట్టే ఉండాలి. అప్పుడే పని ఎలా చేశారో తెలుస్తుంది."

నాకూ అదే సరైనదనిపించింది. కానీ ఉన్నవి కూడా రాలిపోతుంటే ఊరికే చూస్తూ ఉండలేం కదా. గట్టిగా పట్టి నిలిపే పని ఎవరో ఒకరు చేస్తూనే ఉండాలి.

వెనక్కి వస్తుంటే గోడ మొదట్లో గడ్డిలో గోరంత నీలం ముక్క కనిపించింది. నాన్న మోకాలు పట్టుకుని వంగి తీశాడు. చొక్కా అంచుతో మట్టి తుడిచి, ఎండకి పట్టి చూశాడు. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి కాపలా మనిషి చేతిలో పెట్టాడు.