ఊరికే పడుకోవడమే కష్టం

నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. పార్కిన్సన్స్ వాళ్ల రెస్టింగ్ స్టేట్ స్కాన్ ఉందంటే కాస్త టెన్షనే. "ఏమీ చేయకండి బాబాయ్ గారూ, నిద్రపోకుండా ఊరికే పడుకోండి" అంటాను. ఈ జబ్బులో వణుకు ఎక్కువయ్యేదే చెయ్యి ఊరికే ఉన్నప్పుడు! పైగా రాత్రి నుంచి లెవోడోపా, అంటే ఆ లక్షణాల్ని తగ్గించే మందు, ఆపి వస్తారు. తలకి రెండు పక్కలా స్పాంజి ముక్కలు కూరతాను. తల కొంచెం కదిలినా చాలు, మెదడులో లేని తేడాలు లెక్కల్లో పుట్టుకొస్తాయి.

మామూలు ఎంఆర్ఐ చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. ఈ రెస్టింగ్ స్టేట్ స్కాన్‌లో చూసేది వేరు: రక్తంలో ఆక్సిజన్ సిగ్నల్ ఏయే భాగాల్లో జతగా పెరిగి తగ్గుతోందన్నది. ఈ జబ్బులో డోపమిన్ అనే మెదడు రసాయనం ముందుగా తగ్గేది పుటామెన్ (మెదడు లోపల కదలికల్ని నడిపే ఒక భాగం) వెనక భాగంలో. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ రోగుల్లో ఆ వెనక భాగానికీ పెరైటల్ కార్టెక్స్‌కీ (మెదడు పైపొరలో ఒక భాగం) జత సడలిందనీ, అదే కార్టెక్స్‌కు పుటామెన్ ముందు భాగంతో జత పెరిగిందనీ చూపించారు. నాకు బాగా నచ్చిన ఫలితం అది.

"ఏ స్టేజో రిపోర్టులో రాస్తారా?" అని కొడుకులు అడుగుతారు. ఇలాంటి ఫలితాలు గుంపు సగటులండీ, ఒక్క మనిషి జబ్బు తేల్చేవి కావు. దానికి ఇప్పటికీ డాక్టరుగారు వేళ్లు ఆడించమని, నడిపించి చూడాల్సిందే.