వాడు వెళ్లిపోయాక

నిన్న రాత్రి భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ చాలా రోజులకు ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ విన్నా. 1971లో వచ్చిన 'కాంట్ యు హియర్ మీ నాకింగ్'. పాట 7 నిమిషాలు దాటుతుంది, పాడటం మాత్రం 3 నిమిషాలు కాకముందే అయిపోతుంది. తర్వాత కాంగా డ్రమ్ములు, శాక్సోఫోన్. ఆ వెనకాల మిక్ టేలర్ గిటార్ మెల్లగా వచ్చి కూర్చుంటుంది, ఇక లేవదు.

టేలర్ 1969లో 20 ఏళ్ల వయసులో చేరి, 1974 చివర్లో వెళ్లిపోయాడు. ఇంకో గిటారిస్టు కీత్ రిచర్డ్స్ రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ ముక్క) లేనిదే అసలు పాటే లేదు, ఒప్పుకుంటా. అయినా నాకు స్టోన్స్ అంటే ఆ ఐదేళ్లే.

మా హన్మకొండ బ్యాండ్‌కీ ఒకడుండేవాడు. నక్కలగుట్టలో డాబా మీద రేకుల గది, సెకండ్‌హ్యాండ్ గిటార్. వేళ్ల కొసలు కాయలు కాసి, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా వాడికి తెలిసేది కాదు. పాడేది నేను కాబట్టి బ్యాండంటే నేనే అనుకునేవాణ్ని. ఓసారి స్టేజీ మీద రెండో చరణం మర్చిపోయా. వాడు నా వైపు కూడా చూడకుండా ఆ ఖాళీ అంతా గిటార్‌తో నింపేశాడు. ఒకటే ఈలలు. కిందికి దిగాక నేనే మొహం మాడ్చుకున్నా (సిగ్గులేదు నాకు).

ఉద్యోగమొచ్చి వాడు పుణె పోయాడు. ఇంకొకణ్ని పెట్టుకున్నాం, నోట్లన్నీ కరెక్టుగానే వాయించేవాడు. రెండు నెలలకు ప్రాక్టీస్ ఆగిపోయింది. ఆపుదామని ఎవరూ అనలేదు.

రాత్రే పాట వాడికి పంపా. పొద్దున రిప్లై వచ్చింది: "వేళ్లు మెత్తబడ్డయ్ రా. తీగ ఒత్తితే నొస్తున్నయ్."