పాము ఏది?

చెరువుమట్టితో చేసిన పాము వెన్నుపూస బొమ్మ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. పొద్దున ఆటో ఎక్కేటప్పుడు దానికి రెండు రెక్కలూ బాగానే ఉన్నాయి. సాయంత్రానికి కుడి రెక్క కొస విరిగింది. ఆ ముక్క నా హ్యాండ్‌బ్యాగులో బస్ టికెట్ల మధ్య ఉంది. ఫెవికాల్ పెడితే అతుక్కుంటుంది. నా బాధ దాని గురించి కాదు.

బడి పిల్లల సైన్స్ ఫెయిర్ ఈ రోజే అయింది. నేను సైన్స్ చెప్పే తొమ్మిదో తరగతి అమ్మాయి మూడు వారాలు కష్టపడి చేసిన బొమ్మ ముందు జడ్జిగా వచ్చినాయన ఒక నిమిషం కూడా నిలబడలేదు. చార్ట్ మీద 'వాసుకి ఇండికస్' అని, కోట్ల ఏళ్ల కిందటి ఒక పెద్ద పాము పేరు ఉంటే చదివాడు. బల్ల మీదా బల్ల కిందా చూశాడు.

"పాము ఏదమ్మా?"

"ఇదే సార్. దాని వెన్నుపూస. అసలు సైజు."

"ఇది ఒక్క ఎముక. పాము ఏది?"

"మొత్తం పాము దొరకలేదు సార్. 27 వెన్నుపూసలే దొరికాయి. తల కూడా దొరకలేదు."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ సిరంజీలతో చేసిన జేసీబీ ఉంది. నొక్కితే చెయ్యి లేస్తుంది, వదిలితే దిగుతుంది. బహుమతి దానికే వచ్చింది. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, నీటి ఒత్తిడి గురించి చక్కగా చెప్పాడు. నా కోపమంతా ఆ రెండు ముక్కల ప్రశ్న మీదే. "పాము ఏది?" అన్నం తినేటప్పుడూ అదే, గిన్నెలు కడిగేటప్పుడూ అదే. "వదిలెయ్, నిద్రపో" అని ఈయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ జడ్జి ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఉంటే ఆ పిల్ల ఎంత చెప్పేదో! అసలు ఈ ప్రాజెక్టు మొదలైందే ఆమె అడిగిన ప్రశ్నతో. నాడీవ్యవస్థ పాఠం చెబుతూ బోర్డు మీద 'వెన్నుపాము' అని రాశాను. "అయితే మేడం, మనందరి లోపలా ఒక పాము ఉందా?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాడు నా అమృతాంజనం సీసా బడికి పట్టుకెళ్లాను.

ఆ సీసా సంగతి ఇక్కడ ఎప్పుడూ రాసినట్టు లేదు.

అమ్మమ్మ వాళ్ల ఊరు నాగర్‌కర్నూలు దగ్గర. నాకప్పుడు పదేళ్లు, ఎండాకాలం సెలవులు. పాత గడ్డివాము తీస్తుంటే అడుగున జెర్రిపోతు ఎముకలు కనబడ్డాయి. పాము ఎప్పుడు చచ్చిందో గానీ చీమలు మాంసమంతా తినేసి ఎముకల్ని తెల్లగా వదిలాయి. చచ్చిన చోట ఎలా వంకర తిరిగి ఉందో అలాగే ఉంది, ముగ్గు పోసినట్టు. అమ్మమ్మ దూరం నుంచే కేకలు. పాము ఎముక కాలికి గుచ్చుకుంటే పుండు మానదని ఆమె భయం. తాత ఏమీ మాట్లాడలేదు. పార పక్కన పెట్టి, చాట తెమ్మని, ఒక్కొక్క ఎముకా వరస తప్పకుండా ఏరి చాటలో పెట్టాడు. పక్కటెముకలు మాత్రం చీపురు పుల్లల్లా ఎక్కడివక్కడ రాలిపోయాయి. నేను బొగ్గుముక్కతో గోడ మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరు దగ్గర పొద్దుగూకింది. తోక ఇంకా మిగిలే ఉంది. మనిషికి పుట్టేటప్పుడు ఉండేవి 33 అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు చదువుకున్నాను.

ఆ రాత్రి తాత లాంతరు దగ్గర కూర్చుని రెండు పూసలు తీసుకున్నాడు. ఒక్కోటి శనగగింజంత ఉంటుంది. ఒకదాని వెనక ఉన్న బంతిని ఇంకోదాని ముందున్న గుంటలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. కుడికి వంచాడు, వంగింది. ఎడమకు వంచాడు, వంగింది. బట్ట పిండినట్టు మెలిపెట్టబోతే మాత్రం తిరగలేదు. దాన్ని లాంతరుకు దగ్గరగా పట్టి చాలాసేపు చూశాడు. "ఇగో బిడ్డా, ఈడ సూడు. మంచం కోడుల పట్టె దిగినట్టే ఉంది" అన్నాడు. ఆయనకు మంచాలు బిగించడం వచ్చు. వెన్నుపాము వెళ్లే రంధ్రానికి పైన, ముందువైపు ఒక చిన్న పలక ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ముందున్న పూస వెనకవైపు దానికి సరిపోయే గాడి ఉంటుంది. ఆ పలక ఈ గాడిలోకి దిగుతుంది. పామంత పొడుగు వెన్ను మెలిపడకుండా ఆపేది ఆ బిగింపే. దాన్ని ఇంగ్లీషులో జైగోస్ఫీన్, జైగాంట్రం అంటారని నేను డిగ్రీలో నేర్చుకున్నాను. ఐదో తరగతి దాటని మా తాత దాన్ని లాంతరు వెలుతురులో కనిపెట్టాడు.

ఆ పూసల్లో మూడు నా దగ్గర మిగిలాయి. సీసాలో ఉన్నవి అవే.

ఆ అమ్మాయి వాటిని ఒక పీరియడ్ అంతా వంచి చూసింది. ఇదే ఎముక అరచేయంత ఉంటే పాము ఎంత ఉండాలి అని అడిగింది. అప్పుడే వాసుకి సంగతి చెప్పాను. గుజరాత్‌లోని కచ్‌లో పానంధ్రో అనే లిగ్నైట్ గని ఉంది. అక్కడ 2005లో సునీల్ బాజ్‌పాయ్ అనే శాస్త్రవేత్తకు ఈ ఎముకలు దొరికాయి. ఆయన మొదట మొసలివి అనుకున్నారు. ఏళ్ల తరబడి అవి ల్యాబ్‌లో అలాగే ఉండిపోయాయి. తర్వాత దేబజిత్ దత్తా అనే ఇంకో శాస్త్రవేత్త వచ్చి చేరాక ఇద్దరూ కలిసి మళ్లీ శుభ్రం చేసి, కొలిచి, పోల్చి చూశారు. 2024 ఏప్రిల్‌లో ఐఐటీ రూర్కీ నుంచి ఇది కొత్త జాతి పాము అని ప్రకటించారు. వయసు సుమారు 4.7 కోట్ల ఏళ్లు. బాగా వెడల్పు ఉన్న పూస 11 సెంటీమీటర్లు దాటింది. కొన్ని పూసలైతే ఒకదానికొకటి అతుక్కునే దొరికాయి, తాత లాంతరు దగ్గర కూర్చిన రెండింటిలాగా.

మొసలి కాదు పాము అని తేల్చింది ఆ బిగింపే. పాముల్లో కూడా ఏ కుటుంబమో తేల్చడానికి ఇంకా చిన్నవి చూశారు. ముందున్న గుంటకు రెండు పక్కలా సూదిమొన పట్టేంత రంధ్రాలు ఉన్నాయా? వెనక గాడి పక్కన కూడా అలాంటివే ఉన్నాయా? పక్క రెక్కల కింద మామూలు పాములకుండే చిన్న ముల్లు ఉందా, లేదా? రంధ్రాలు ఉండి ముల్లు లేకపోతే అది మాడ్‌త్సోయిడ్ అనే పాత కుటుంబం. ఆ కుటుంబంలో ఒక్క పాము కూడా ఇప్పుడు మిగల్లేదు. మా అమ్మాయి ఆ రంధ్రాలను అగరుబత్తి పుల్లతో గుచ్చింది. మట్టి ఆరేటప్పుడు పూడిపోతుంటే రోజూ పొద్దున వచ్చి మళ్లీ గుచ్చింది. జడ్జి ఆ రంధ్రాల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

బడిలో అందరి ఫోన్లలో తిరిగే వాసుకి వాట్సాప్ బొమ్మలు సరే సరి. నోరు తెరిచిన ఆకుపచ్చ పాము, కోరలు, ఎర్రటి కళ్లు. తలే దొరకని పాముకు కళ్ల రంగు ఎవరు చెప్పారు? అందుకే ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పాను: దొరికింది మాత్రమే చూపిద్దాం, ఊహించి ఏదీ గీయొద్దు. ఆ మాట ఇప్పుడు నన్ను గుచ్చుతోంది.

లేచి నీళ్లు తాగొచ్చాను. ఇంతవరకు రాసింది చదువుకున్నాను. కోపం కొంచెం పక్కకు జరిగింది.

పిల్లలు ఎప్పుడూ అడుగుతారు, మన నల్లగొండలో ఇలాంటివి దొరకవా అని. మన గుట్టలు గ్రానైట్. లతీఫ్ సాహెబ్ గుట్ట రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి పుట్టేనాటికి భూమ్మీద వెన్నెముక అన్నదే లేదు. ఇక్కడ ఎన్ని క్వారీలు తవ్వినా ఎముక రాదు. తెలంగాణలో పాతకాలపు సరీసృపాలు కావాలంటే ప్రాణహిత, గోదావరి వైపు పోవాలి. అందుకే వాళ్లు ఏడో తరగతిలో ఉన్నప్పుడు హైదరాబాద్ బిర్లా మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఈ అమ్మాయి దాని కాళ్ల దగ్గర నిలబడి పైకి చూస్తూ నోరు మూయడం మర్చిపోయింది. డిగ్రీలో మొదటిసారి చూసినప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను.

కానీ దాని తల కూడా దొరకలేదు కదా! రెండు పళ్లు మాత్రం విడిగా దొరికాయి. యామన్‌పల్లిలో తవ్వినవి కనీసం పన్నెండు జంతువుల ఎముకలు. నిలబెట్టిన దానికి తల పెట్టారంటే దాని చుట్టాల తలలు చూసి తయారు చేసి పెట్టిందే. ఆ తల లేకపోతే, నేలమీద ఎముకలు వరసగా పేర్చి పెడితే, ఆ పిల్ల అలా నిలబడేదా? నేను నిలబడేదాన్నా?

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, దీన్ని రాయకుండా పడుకోలేను. మొదటి వారంలోనే ఆ అమ్మాయి అడిగింది: "మేడం, బడి వరండాలో తాడు పరుద్దామా, పాము ఎంత పొడుగో?" నేను వద్దన్నాను. పొడుగు అంచనాయే గానీ దొరికింది కాదు కదా అన్నాను. బాజ్‌పాయ్, దత్తా మాత్రం ఆ అంచనా వేశారు. పూస వెడల్పును ఒక చోట కొలిచి లెక్కకడితే 11, 12 మీటర్లు వచ్చింది. ఇంకో చోట కొలిచి కడితే 15 దాకా పోయింది. రెండింటిలో ఒకటి దాచిపెట్టకుండా రెండూ రాశారు. పిల్ల పరుస్తానన్న తాడుకు రెండు ముడులు వేస్తే సరిపోయేది. 11 దగ్గర ఒకటి, 15 దగ్గర ఒకటి. "పాము ఏదమ్మా?" అంటే "ఇక్కడి నుంచి ఈ రెండు ముడుల మధ్య ఎక్కడో దాకా సార్" అని చూపించేది. ఆయన ఆ తాడు వెంట నడిచి ఉండేవాడేమో.

ఆయన అడిగిన తీరు నాకిప్పటికీ నచ్చలేదు. ఒక పిల్ల చేతిలో మూడు వారాల పని ఉంటే వంగి చూడాలి. కానీ ఆ ప్రశ్న తప్పు కాదు. ఆ అమ్మాయి దగ్గర దానికి జవాబు ఉంది, దాన్ని ఆపింది నేను.

అటక మీద పాత బావి మోకు ఉండాలి. చూద్దామని లేస్తే చప్పుడుకు అత్తమ్మ లేచింది.

"మన బావి మోకు ఎన్ని బారలుంటది అత్తమ్మా?"

"తొమ్మిది బారలుండె. ఎలుకలు కొరికినయో ఏమో. అర్ధరాత్రి మోకెందుకు?"

పాము కోసం అని చెప్పాను. ఆరు బారలకు తక్కువ లేదు, ఎనిమిది బారలు కూడా దాటొచ్చు అన్నాను. ఆమె మంచంలో లేచి కూర్చుంది.

"ఎంత లావుంటది?"

ఫ్రిజ్ మీది వెన్నుపూస తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. సాయంత్రం దాన్ని చూసి పొయ్యి అనుకుంది. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని, విరిగిన రెక్క దగ్గర వేలు ఆనించి, నడుమ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి చూసింది. ఇందులోంచి ఏం పోతదని అడిగింది. వెన్నుపాము అన్నాను.

ఆమె ఇంకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. పొద్దున్నే ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు ఫోన్ చేయాలి. ఎర్రగుడ్డ పీలికలు రెండు కావాలి, ముడులు దూరానికి కనబడేలా.