పాత నైలాన్ చీర

నర్సాపురంలో రైలు దిగి సఖినేటిపల్లి రేవుకు పంటు ఎక్కాను. చించినాడ వంతెన మీదుగా కారులో హాయిగా వెళ్లిపోవచ్చు. కానీ మూడేళ్ల తర్వాత వస్తున్నదాన్ని, వశిష్ఠ గోదావరి గాలి ముఖానికి తగలకపోతే ఊరు వచ్చినట్టే ఉండదు. పక్కన నిలబడ్డ ఆవిడ నా పెట్టెలు చూసి, "కువైటా, మస్కటా?" అని అడిగింది. కెనడా అనేసరికి ఉత్సాహం తగ్గిపోయింది. వాళ్ల చెల్లెలు కువైట్‌లో ఒక ముసలమ్మను చూసుకుంటోందట. నా దగ్గర ఏదైనా కబురు దొరుకుతుందని ఆశపడింది పాపం.

ఆ చెల్లెలు చేసేదీ నేను చేసేదీ ఒకటే పని. ఆ మాట ఆవిడతో అనలేదు. అసలు మా అమ్మకే చెప్పలేదు. "ఆసుపత్రిలాంటి చోట ఉద్యోగం" అని ఫోనులో దాటేస్తూ వచ్చాను. విన్నిపెగ్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో హెల్త్ కేర్ ఎయిడ్‌ని నేను. నర్సును కాను, సూది వేయను. లేపడం, కడగడం, డైపర్ మార్చడం, తినిపించడం, పక్కకు తిప్పడం, ఇదీ ఉద్యోగం. మన వైపు మలమూత్రాలు ఎత్తే పని అనగానే ఎదుటివాళ్లు మనసులో కులం లెక్క వేసుకుంటారు. బీఎస్సీ దాకా చదివించిన అమ్మకు అది ఎలా చెప్పను?

అక్కడ కోర్సులో ముందుగా నేర్పింది మనిషిని ఎత్తకుండా ఉండటం. జరపడానికి జారుడు గుడ్డ ఉంటుంది, ఎత్తడానికి కప్పుకు వేలాడే లిఫ్టు ఉంటుంది, లిఫ్టు దగ్గర ఇద్దరుండాలి. మొదటి చలికాలంలో ఒక రాత్రి మనుషులు చాలక, రెండో మనిషి వచ్చేదాకా ఆగలేక, ఒక పెద్దాయనను ఒక్కదాన్నే మంచం మీద పైకి జరిపాను. ఆయనకేమీ కాలేదు, నా నడుము పట్టేసింది. బయట మైనస్ 30, లోపల నేను మూడు వారాలు పడక మీద. అన్నం వండి తెచ్చింది నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ. వాళ్ల భాషలో అక్కను 'ఆతే' అంటారు. నా చెవికి అది 'అత్తే' అని వినబడి మొదటి రోజే చుట్టరికం కలిసింది. అత్తలాగే తిట్టింది కూడా: "నువ్వు పడుకుంటే రేపు ఆయనను ఎవరు తిప్పుతారు?"

ఊళ్లో పెద్దమ్మకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. చూసుకునేది వదిన ఒక్కతే. అన్నయ్య పొద్దున్నే రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. "నాకు చేతకాదు, అమ్మకు నొప్పి చేస్తానేమో" అంటాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొబ్బరి బొండం తాగి, "ఇలాంటి కోడలు దొరకడం పూర్వజన్మ సుకృతం" అని వెళ్తారు. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్లు మండింది. సేవ అని, పుణ్యమని అన్నాక ఇక దాన్ని నేర్పాలని గానీ, సాయం పట్టాలని గానీ ఎవరికీ తోచదు. కువైట్‌లో 2015 నాటి చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలు మించి పని ఉండకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని చెబుతోంది. అమలు సంగతి పంటు మీద ఆవిడ చెల్లెలిని అడగాలి. వదినకైతే కాగితం మీద కూడా లేదు.

పెద్దమ్మను పక్కకు ఒత్తిగించి వీపు చూశాను. మంచాన పడ్డవాళ్లకు ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలిగి, నెత్తురు ఆడక పుండు పడుతుంది. అందుకే రెండు గంటలకోసారి తిప్పడం. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడాలి, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టని మాకు నేర్పారు. తెల్ల చర్మానికి సరిపోయే పాఠం అది. పెద్దమ్మది చామనఛాయ, ఆ ఎరుపు కనబడితేగా! మన ఒంటి మీద తాకి చూసుకోవాలి: చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, రంగు ముదిరిందా? ముడ్డిపూస దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ వెచ్చగా తగిలింది. వదిన రోజూ సరిగ్గా అక్కడే కొబ్బరినూనె పోసి మర్దన చేస్తోంది. ప్రేమగానే చేస్తోంది, కానీ లోపల నలిగిన కండను రుద్దితే ఇంకా నలుగుతుంది. ఆ మాట చెబితే వదిన ముఖం చిన్నబోయింది. నెమ్మదిగా చెప్పాల్సింది.

ఇక్కడ జారుడు గుడ్డ ఎక్కడ తెస్తాం? ట్రంకుపెట్టెలో పెద్దమ్మదే పాత నైలాన్ చీర దొరికింది, ఊదా రంగు మీద తెల్ల చుక్కలు. దాన్ని రెండు మడతలు వేసి ఆవిడ కిందికి తోసి, పైన దుప్పటి పరిచాం. ఇద్దరం చెరోవైపు దుప్పటి అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అన్నాం. చీర మీద చీర జారింది. చర్మం ఎక్కడా రాసుకోకుండా పెద్దమ్మ జానెడు పైకి వచ్చింది. పని అయ్యాక చీర లాగేయాలి, లేకపోతే మనిషే మంచం దిగి జారిపోతుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాం. ఇక తాగించడం మరో కథ. పడుకున్న మనిషి నోట్లో తులసి తీర్థం పోసినట్టు నీళ్లు పోస్తున్నారు, పొలమారక ఏం చేస్తుంది? నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించమని చెంచాతో జావ పట్టాం. అరగంట దాకా పడుకోనివ్వలేదు. కళ్లతోనే నన్ను తిట్టింది.

గుమ్మంలో నిలబడి అమ్మ అంతా చూస్తోంది.

"అక్కడ నువ్వు చేసేది ఇదేనా?"

"ఇదే."

ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కాసేపటికి బేసిన్లో నీళ్లు తెచ్చి, పసిపిల్లల స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి వేడి చూసి, నా పక్కన పెట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి వరండాలో పడుకున్నాను. రెండింటికి లోపల దీపం వెలిగింది. కిటికీలోంచి చూస్తే మంచానికి అటు వదిన, ఇటు అన్నయ్య.

"భుజం పట్టుకుని లాగుతారేమిటండీ?" వదిన గొంతు తగ్గించి కసురుతోంది. "దుప్పటి పట్టుకోండి. నేను మూడు అన్నాక."