కణుపు కింద కోత

నాన్నకి రెండేళ్లపాటు చెప్పలేదు. "గ్రీన్‌హౌస్‌లో ఏం మొక్కలమ్మా?" అని అడిగినప్పుడల్లా "టమాటా" అనేదాన్ని. కెనడాలో, ఒంటారియో దక్షిణపు కొసన, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న లీమింగ్టన్‌లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. ఊరి చుట్టూ ఎటు చూసినా టమాటా, దోస, క్యాప్సికమ్ పండించే గ్రీన్‌హౌస్‌లే. 2018 అక్టోబరు 17న గంజాయి సాగునీ అమ్మకాన్నీ అనుమతించే చట్టం అమల్లోకి వచ్చిన రోజుల్లో వాటిలో కొన్ని ఆ పంటకి మారాయి. నాకు ఉద్యోగం దొరికింది అలాంటి ఒకదాంట్లో.

మాది కడియపులంక. వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ చదివాను గానీ, చెయ్యి తిరిగింది మాత్రం మా నర్సరీలోనే. మొదటిరోజు సూపర్‌వైజర్ ఒక ట్రే, ఒక బ్లేడు ఇచ్చి కటింగులు ఎలా తీయాలో చూపించబోయింది. నేను కణుపుకి కాస్త కింద ఏటవాలుగా కోసి, అడుగు ఆకులు గిల్లి, పై ఆకుల కొసలు సగానికి కత్తిరించాను. ఆకు పెద్దగా ఉంటే వేరు పడేలోపు తడి అంతా అదే తాగేస్తుంది. ఆమె ఇంకేమీ చెప్పలేదు, రెండో ట్రే నా ముందు పెట్టి వెళ్లింది. ఆ రోజు కూలీ లెక్క మీద మందారం కటింగులు కట్టే మా ఊరి ఆడవాళ్లందరూ గుర్తొచ్చారు. ఆ పనికి వాళ్లకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఆకుని దగ్గరగా చూస్తే అచ్చం గోగు ఆకే. అవే వేళ్లలాంటి చీలికలు, అదే రంపపు అంచు. గోగుకి శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయిని పోలినదని. పేరు పెట్టినవాళ్లకి కూడా నాకు తట్టిందే తట్టిందన్నమాట. నేను కూర్చున్న బల్ల పక్కనే పేర్చి ఉన్న కొబ్బరిపొట్టు ఇటుకల మీద ఇండియా పేరుంది. నీళ్లు పోస్తే ఉబ్బి, కోనసీమలో వానకి తడిసిన పీచు వాసనే వచ్చేది.

మేం ఎక్కువగా పెంచింది బ్లూ డ్రీమ్ అనే రకం. హైబ్రిడ్ అనగానే మనకి ఏటా కొత్తగా కొనాల్సిన మొక్కజొన్న విత్తనం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకి అర్థం వేరు: ఇండికా, సటైవా అని పిలిచే రెండు తరహాల లక్షణాలూ కలిసినది అని. బ్లూ డ్రీమ్ తల్లిదండ్రులు బ్లూబెర్రీ, హేజ్. డి.జె. షార్ట్ అనే పేరుతో తెలిసిన అమెరికన్ 1970ల నుంచి థాయ్, అఫ్గాన్ రకాలతో పని చేసి బ్లూబెర్రీని తయారుచేశాడు. హేజ్ పుట్టింది కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ వైపు. దాంట్లో కొలంబియా, మెక్సికో, థాయ్‌లాండ్‌తోపాటు మన దక్షిణ భారత విత్తనం కూడా ఉందని పెంపకందారులు చెప్పుకుంటారు. ఈ రెంటినీ కలిపిన బ్లూ డ్రీమ్ కూడా శాంటా క్రూజ్ ప్రాంతంలోనే, 2000ల తొలి ఏళ్లలో పేరు తెచ్చుకుంది. విత్తనంగా కాదు, కొమ్మగా. ఒకరి దగ్గర కోసి ఇంకొకరు నాటుకుంటూ వచ్చారు.

నాకు మనసు పట్టుకున్న విషయం ఇదే. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరికి, అదే ఎంటీయూ 7029కి, వశిష్ట, మసూరి అని తల్లీ తండ్రీ పేర్లు కాగితం మీద ఉన్నాయి. డెల్టాలో ఏ రైతునడిగినా స్వర్ణ సంగతి చెబుతాడు. బ్లూ డ్రీమ్‌కి అలాంటి కాగితం లేదు. పెంచడమే నేరమైన రోజుల్లో రిజిస్టరు ఎవరు రాస్తారు? 2019లో నార్తర్న్ కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు దుకాణాల్లో ఒకే పేరుతో అమ్మే నమూనాల జన్యువులు పోల్చి చూస్తే, చాలా రకాల్లో తేడాలు కనిపించాయి. మా దగ్గరున్నది అసలైన కొమ్మేనని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పొరుగాయన దగ్గర తెచ్చుకున్న అంటుకి ఆయన చెప్పిన పేరే ఖాయం చేసే మన అలవాటు లాంటిదే.

పెంచేది ఆడ మొక్కల్నే. తల్లి మొక్కలకి రోజుకి 18 గంటల వెలుగు. పూత కావాలనుకున్నప్పుడు నల్ల తెరలు దించి 12 గంటల చీకటి ఇస్తాం. ఆ తెరలో చిన్న చిరుగున్నా పూత గాడి తప్పుతుంది. తొమ్మిది పది వారాలకి కోత. బ్లూ డ్రీమ్ పొడవుగా సాగుతుంది, దిగుబడి బాగుంటుంది, కానీ బూడిద తెగులుకి, ఎర్రనల్లికి తొందరగా లొంగుతుంది. నల్లి మీదకి మందు కాదు, దాన్ని తినే ఇంకో నల్లిని వదులుతాం.

రెండో ఏడాది అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. గాలాడించే ఫ్యాన్లలో ఒక వరస ఆగిపోయిందని ముందురోజే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్నే ఒక పూగుత్తిలో ఒక్క ఆకు వాడి కనిపించింది. పట్టి లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది. గుత్తిని విప్పితే లోపలంతా బూడిదరంగు బూజు. పైకి మాత్రం నిగనిగలాడుతోంది. ఆ వరసంతా కోసి, తూకం వేసి, లెక్క రాసి నాశనం చేశాం. కెమెరాల ముందు, రూలు ప్రకారం. వారం తర్వాత నలుగురిని పనిలోంచి తీసేశారు. వాళ్లలో ఫ్యాన్ సంగతి చెప్పిన అమ్మాయి కూడా ఉంది. అది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. పేపర్లో ఏజెన్సీ నుంచి తరలిస్తున్న గంజాయి పట్టివేత వార్త. ఇద్దరు కుర్రాళ్లు, మొహాలకి ముసుగులు. 1985 నాటి చట్టం కింద మన దగ్గర మొక్క వేసినా పదేళ్ల వరకూ జైలు. కూలి డబ్బుకి మూట మోసిన పిల్లలే ముందు దొరుకుతారు. అదే మొక్కకి నాకు జీతం, బీమా, పండగ సెలవు. ఆ పేపరు చేతిలో పెట్టుకుని ఇంక టమాటా అనలేకపోయాను. నాన్నకి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, లేచి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున గులాబీ మడి దగ్గర అంట్లు కడుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

"తల్లి మొక్క ఎన్నేళ్లది?"

"ఏడాది నాన్నా. ముదిరితే వేరు సరిగా పడదని మార్చేస్తాం. కానీ దాని తల్లి, ఆ తల్లికి తల్లి, అలా వెనక్కి వెళ్తే ఇరవై ఏళ్లు దాటుతుంది."

"అయితే ఇరవై ఏళ్ల చెట్టే" అన్నారు. కాసేపాగి, "నూటికి ఎన్ని పడతాయి?"

"నా చేతివి తొంభై పైనే."

తల ఊపి, ఇంకో అంటు అందుకున్నారు. ఊళ్లో ఎవరైనా అడిగితే మాత్రం అమ్మాయి టమాటా తోటలో చేస్తోందనే చెబుతున్నారట. అమ్మ ఫోన్లో చెప్పింది.