పామాయిల్ ఎక్కడిదో వెతుకుతూ పోతే...

మేము సబ్బులు తయారుచేస్తాం. ఒకరోజు మా పెద్ద కస్టమర్ నుంచి ఓ ఫారం వచ్చింది. మీరు వాడే పామాయిల్ ఏ మిల్లుల్లో తయారైంది, ఆ మిల్లులకు ఆయిల్ పామ్ గెలలు ఏ తోటల నుంచి వచ్చాయి అని రెండే ప్రశ్నలు. కొనుగోళ్ల విభాగంలో అందరికన్నా చిన్నవాణ్ని కాబట్టి ఆ పని నా మీద పడింది. మాకు నూనె అమ్మేవాళ్లు నలుగురే. నాలుగు మెయిళ్లు పెడితే తేలిపోతుందనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది.

మొదటాయన జవాబు ఒక్క ముక్క: 'మలేషియా'. రెండో ఆయన రిఫైనరీ పేరు చెప్పి ఊరుకున్నారు. మూడో ఆయన ఆర్‌ఎస్‌పీవో సర్టిఫికెట్ పంపారు, పర్యావరణానికి హాని లేకుండా తీసిన పామాయిల్‌కు ఇచ్చేది. హమ్మయ్య, ఒకటి తేలింది అనుకుని ఆ వరసలో టిక్కు పెట్టేశాను. రెండు వారాల తర్వాత మళ్లీ తెరిచి చూస్తే కింద 'మాస్ బ్యాలెన్స్' అని ఉంది. అదేమిటో చదివాక టిక్కు తీసేశాను.

2004లో మొదలైన ఈ ఆర్‌ఎస్‌పీవోలో నూనె అమ్మే పద్ధతులు నాలుగున్నాయి. 'ఐడెంటిటీ ప్రిజర్వ్‌డ్' అంటే ఒకే మిల్లు నూనె, దేనితోనూ కలవకుండా వస్తుంది. 'సెగ్రిగేటెడ్' అంటే సర్టిఫికెట్ ఉన్న నూనెలు తమలో తాము మాత్రమే కలుస్తాయి. మాస్ బ్యాలెన్స్‌లో సర్టిఫికెట్ ఉన్నదీ లేనిదీ ఒకే ట్యాంకులో కలిసిపోవచ్చు, లెక్క సరిపోతే చాలు. నాలుగోది 'బుక్ అండ్ క్లెయిమ్', అందులో సర్టిఫికెట్ ఉన్న నూనె మన దగ్గరికి రాదు, దాని పేరిట ఇచ్చే క్రెడిట్లను కొంటామంతే. ఇదేమీ మోసం కాదు, మంచి తోటలవాళ్లకు దానివల్ల డబ్బు అందుతుంది. కానీ మా ట్యాంకులో ఉన్న నూనె ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

అందరూ మిల్లు గురించే ఎందుకు అడుగుతారో కూడా అప్పుడే అర్థమైంది. గెలలు కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది. అందుకే తోటలు మిల్లు చుట్టుపక్కలే ఉంటాయి, మామూలుగా 50 కిలోమీటర్ల లోపు అని లెక్కేస్తారు. మిల్లు దాటిన నూనె రేవుల్లో, ఓడల్లో, రిఫైనరీల్లో కలిసిపోతుంది. నూనెకు ఊరూ పేరూ ఉండే ఆఖరి చోటు మిల్లే.

నాలుగో ఆయన ఎక్సెల్ షీట్ పంపారు. మూడు వందలకు పైగా మిల్లులు. ఆ మూడు నెలల్లో వాళ్ల రిఫైనరీకి నూనె పంపినవాళ్లందరూ అందులో ఉన్నారు. అంటే మా ట్యాంకరులోది వాటిలో ఏ మిల్లుదైనా కావచ్చు. ఒకే మిల్లు మూడు స్పెల్లింగులతో మూడుసార్లు కనిపించేది. కొన్నిచోట్ల మిల్లు పేరుకు బదులు కంపెనీ పేరు రాశారు. 2018లో వచ్చిన యూనివర్సల్ మిల్ లిస్ట్ అనే పామాయిల్ మిల్లుల జాబితా లేకపోతే నాకు పిచ్చెక్కేది. అందులో ప్రతి మిల్లుకూ 'పీవో'తో మొదలయ్యే నంబరు ఉంటుంది. పేర్లు పక్కనపెట్టి నంబర్లతోనే కలిపాను.

ఇక అక్షాంశాలు, రేఖాంశాలు. ఒక మిల్లును మ్యాప్‌లో పెడితే చుట్టూ ఆయిల్ పామ్ తోటలే, బాగుందనుకుని ముందుకెళ్లిపోయాను. వారం తర్వాత చూసుకుంటే ఆ వరసలో దేశం ఇండోనేషియా అని ఉంది, మ్యాప్‌లో చుక్క మాత్రం మలేషియాలోని జోహోర్‌లో! మిల్లు నిజానికి సుమత్రాలోని జాంబీలో ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్షాంశం ముందు మైనస్ ఉండాలి, ఎవరో మర్చిపోయారు. సముద్రంలో పడి ఉంటే వెంటనే దొరికేది. అక్కడా తోటలే ఉండటంతో ఎనిమిది రోజులు నన్ను ఏమార్చింది. ఆ దెబ్బతో మూడు వందలూ మళ్లీ మొదటినుంచి చూశాను.

అసలు కష్టం మిల్లు నుంచి తోటకు వెళ్లేటప్పుడు వచ్చింది. మిల్లుకు సొంత తోటలుంటే హద్దుల మ్యాప్ దొరుకుతుంది. కానీ ఇండోనేషియాలో ఆయిల్ పామ్ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతులదే. వాళ్ల గెలలు చాలాచోట్ల దళారుల చేతుల మీదుగా వెళ్తాయి. ఒక్కో లారీలో పదిమంది గెలలుంటాయి, ఎక్కువ ధర ఇచ్చే మిల్లుకు లారీ తిరుగుతుంది. రియావులోని టెసో నీలో జాతీయ పార్కు లోపల కూడా తోటలు వేసేశారు. అక్కడి గెల కాటా మీదికి వచ్చాక పక్క ఊరి గెలలాగే ఉంటుంది.

ఒక మిల్లుకు 'తోటల వరకు 100 శాతం' అని రాసి ఉంది, అంటే గెలలన్నీ ఏ తోటలవో తెలుసని. నమ్మబుద్ధి కాలేదు. వంద టన్నుల గెలలకు సుమారు ఇరవై టన్నుల నూనె వస్తుంది. వాళ్లు చూపించిన నూనెకు ఎన్ని గెలలు కావాలో లెక్కేసి, చూపించిన హెక్టార్లతో భాగించాను. హెక్టారుకు ఏడాదికి నలభై టన్నులు పైగా తేలింది! బాగా నడిచే పెద్ద తోటల్లోనే ముప్పై దాటడం అరుదు. ఆ లెక్కే మెయిల్లో పెట్టాను. పదిహేను రోజులకు ఇంకో షీట్ వచ్చింది, మొదటిదాంట్లో లేని పద్నాలుగుమంది దళారుల పేర్లతో.

'ఇలాంటి మిల్లుల్ని తీసేద్దాం, టెన్షన్ ఉండదు' అన్నారు మా మేనేజర్. నేను ఒప్పుకోలేదు. తీసేస్తే ముందు నష్టపోయేది కాగితాలు లేని చిన్న రైతే, ఆ గెలలు మాత్రం అడగనివాళ్ల దగ్గరికి చేరతాయి. యూరప్ చట్టం 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల నుంచి వచ్చిన సరుకు వద్దంటుంది. నాలుగు హెక్టార్ల లోపు కమతానికి హద్దులన్నీ గీయక్కర్లేదు, ఒక్క జీపీఎస్ బిందువు చాలు. అదైనా ఎవరో ఒకరు పొలానికి వెళ్లి తీసుకోవాలి కదా! ఆ మిల్లుకు ఏడాది గడువివ్వడానికి చివరికి ఒప్పించాను.

పామాయిల్ నుంచే తీసే గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం సంగతి చెప్పను. అవి ఇంకా రెండు మూడు ఫ్యాక్టరీలు దాటి వస్తాయి, చాలావాటికి మిల్లు దాకా కూడా చేరలేకపోయాను.

ఫారంలో తోటల గడిలో 62 శాతం అని రాశాను. మిగతావాళ్లు 100 రాస్తున్నారే, మీకెందుకు తక్కువ అని కస్టమర్ ఫోన్ చేశారు. ఆ హెక్టార్ల లెక్క, మైనస్ కథ రెండూ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ షీట్ పంపమన్నారు.

మూడు వారాలకు కొత్త త్రైమాసికం జాబితా వచ్చింది. పదకొండు కొత్త మిల్లులు. ఒకదానికి అక్షాంశం గడి ఖాళీ.