బావ తుపాకి, మా తాత తుపాకి

పర్లాకిమిడి తిరిగొచ్చి నాలుగ్రోజులైంది, నిద్ర ఇంకా సెట్ అవ్వలేదు గానీ ఇది రాయకపోతే మనసాగట్లేదు. అమెరికాలో అక్కావాళ్ళింట్లో ఉన్నప్పుడు బావ బాతుల వేటకీ టర్కీ కోళ్ళ వేటకీ రెండిటికీ పనికొచ్చేలా ఒక్కటే తుపాకి కొంటానని నన్నూ షాపుకి తీసుకెళ్ళాడు. నాకు తెలిసిందల్లా మా తాత డబుల్ బ్యారెల్, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దగ్గర వేట అన్నమాటే లేదు కదా, ఎలక్షనప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి రావడమే దాని పని.

షాపాయన 12 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) పంప్ యాక్షన్‌లు, అంటే ముందు పిడి వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేవి, రెండు చేతికిచ్చాడు, రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500. దళసరి కోటూ గ్లౌజులూ వేసుకునే భుజానికి ఆనించి చూడమన్నాడు, ఆ మాట నాకు భలే నచ్చింది, వేటకెళ్ళేది చలిలోనే కదా. 870కి సేఫ్టీ, అదే పొరపాటున పేలకుండా ఆపేది, ట్రిగ్గర్ వెనకాల బటన్, మాస్‌బర్గ్‌కేమో పైన, సరిగ్గా బొటనవేలి కింద, గ్లౌజు తియ్యకుండానే తగుల్తుంది. బావ అక్కడే ఫిక్సైపోయాడు.

అక్కడ బాతులకి సీసం గుళ్ళు 1991 నుంచి దేశమంతా బంద్, స్టీలు లాంటి విషం లేని గుళ్ళే వాడాలి, అదే స్టీలు పాత ఫుల్ చోక్ (గొట్టం మూతి బాగా ఇరుకుగా ఉండే) తుపాకుల్లో వేస్తే బ్యారెలే పాడవ్వచ్చట. అందుకే చోక్ మార్చుకునేది తీసుకున్నాం, బాతులకి కాస్త వదులుగా ఉండే మాడిఫైడ్, టర్కీకి తల, మెడ మీదే కొట్టాలి కాబట్టి ఫుల్. గుళ్ళు ఎలా పడుతున్నాయో చూడ్డానికి 40 గజాల్లో కాగితం పెట్టి కాల్చి, మోకాళ్ళ మీద కూచుని చిల్లులు లెక్కపెట్టాం.

నిన్న నాన్న తాత తుపాకి బయటికి తీశారు, ఇద్దరం నూనె గుడ్డతో తుడిచాం, గొట్టం మూతి దగ్గర కందిగింజంత తుప్పు.